బావగారి సడన్ డెత్ పాఠం

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మా ఇంట్లో రెండు రోజులుండి పోదామని వచ్చారు. కరోనా మొదలైన ఏడాది మార్చి నెల అది. డబ్లిన్‌లో ఏదో సదస్సులో మాట్లాడటానికి న్యూజెర్సీ నుంచి దిగేసరికి ఆ సదస్సు కాస్తా రద్దయింది. మేం అప్పటికి చాలా ఏళ్లుగా ఐర్లాండ్‌లోనే, డబ్లిన్‌కి దగ్గర్లో డ్రోహెడాలో ఉంటున్నాం. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన ఒక మెడికల్ డివైస్ ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. బావగారు చక్రాల పెట్టె దొర్లించుకుంటూ వచ్చి, "తమ్ముణ్ణి చూసి చాలా కాలమైంది, దేవుడే ఇలా రప్పించాడు" అన్నారు. దేవుడు రప్పించిన మనిషిని ఆగస్టు దాకా మేం కదిలించలేకపోయాం.

విమానాలు లేక కాదు. తక్కువైనా అమెరికాకి విమానాలు తిరుగుతూనే ఉన్నాయి, ఆయన దగ్గర ఆ దేశం పాస్‌పోర్టే ఉంది. న్యూజెర్సీలో అంబులెన్సుల మోత ఆగడం లేదని వార్తల్లో చూసి ఆయనే ఆగిపోయారు. "ఇక్కడ జనం తక్కువ, గాలి మంచిది" అన్నారు. అక్కడ భార్య, ఇద్దరు ఎదిగిన కొడుకులు ఉన్నారు కదా అని నేను గుర్తుచేస్తే, "వాళ్లు జాగ్రత్తపరులు" అన్నారు. మా తోడికోడలికి ఫోన్ చేశాను. ఆవిడ గొంతు తగ్గించి, "ఉంచుకోవే అమ్మా, ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉంచుకో. ఇరవై అయిదేళ్లలో నేను ఇంత ప్రశాంతంగా కాఫీ తాగడం ఇదే మొదలు" అంది. అప్పుడర్థమైంది, మేం ఎవరి బరువు మోస్తున్నామో.

అద్దె ఇల్లు మాది. మూడు పడకగదులు. మూడోది పేరుకే గది, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. బావగారికి ఆఫీసు కాల్స్ ఉంటాయి కాబట్టి పెద్ద గది ఆయనకిచ్చాం. నేను కోవిడ్ వార్డుకి వెళ్లొస్తున్నాను కాబట్టి చిన్న గది నాది. మా ఆయన అమ్మాయి గదిలో నేల మీద పరుపు వేసుకున్నాడు. ఇదంతా నేను ఒప్పుకున్నదే. నాకూ భయం ఉంది. ఆసుపత్రి నుంచి రాగానే బూట్లు పెరట్లో షెడ్డులో విడిచి, స్నానం చేసి గానీ బిడ్డ మొహం చూసేదాన్ని కాదు. ఆ రోజుల్లో భయం లేనివాళ్లెవరు? భయపడినందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. కానీ బావగారి భయానికి సిగ్గు అనేది లేదు.

ఎర్ర టేపు తెచ్చి వంటింటి నేల మీద గీతలా అతికించారు. నేను దాన్ని దాటకూడదు. ఇక్కడి వాళ్లు ప్రెస్ అంటారే, ఆ గిన్నెల అలమరలో నా కంచం, నా గ్లాసు వేరే తీయించి కవర్లో పెట్టించారు. మా ఆయన వండిన అన్నం నా గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవాడు. సరే అనుకున్నాను. ఒక సాయంత్రం మాత్రం సరే అనుకోలేకపోయాను. దేశమంతా ఆసుపత్రి వాళ్ల కోసం తలుపుల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టిన సాయంత్రం అది. నేను షిఫ్టు ముగించి వీధి మొదట్లో కారు దిగేసరికి ఇరుగుపొరుగంతా గుమ్మాల్లో ఉన్నారు. మా గుమ్మంలో బావగారు స్టీలు పళ్లెం, గరిట పట్టుకుని మోగిస్తున్నారు. అందరికంటే గట్టిగా ఆయనదే మోత. పక్కింటి ముసలాయన నన్ను చూసి "ఫెయిర్ ప్లే టు యూ" అని, అంటే శభాష్ అని, కేకేశాడు. నేను గేటు తీసి గుమ్మం వైపు అడుగు వేశానో లేదో, బావగారు గరిట ఆపకుండానే తెలుగులో అన్నారు:

"అమ్మాయ్, ఇటు కాదు. వెనక నుంచి రా."

చెత్త డబ్బాల పక్క నుంచి ఇంటి వెనక్కి వెళ్లాను. గరిట మోత ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇక మ్యాచ్ సంగతి.

అది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని, భుజాలకి దిండ్లు కట్టుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకునే అమెరికా ఫుట్‌బాల్. అందులో పంతొమ్మిది వందల యాభైల్లో జరిగిన ఒక చాంపియన్‌షిప్ ఫైనల్. న్యూయార్క్‌లో, డిసెంబరు చలిలో. ఆట సమయం అయిపోయేసరికి రెండు జట్లూ సమానంగా నిలిచాయట. అప్పుడు ఆట పొడిగించి, ముందుగా పాయింటు సంపాదించినవాళ్లదే గెలుపు అన్నారట. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సడన్ డెత్. టీవీ వాళ్లు ఆ రోజు ప్రసారం చేసిన పూర్తి రికార్డు ఇప్పుడెక్కడా లేదట. సినిమా కెమెరాలతో తీసిన నలుపు తెలుపు ముక్కలు అతికించి, పైన వ్యాఖ్యానం తగిలించిన వీడియో ఒకటుంది. బావగారు అమెరికా వెళ్లిన కొత్తలో ఆయన పై అధికారి ఎవరో ఇది చూడమన్నాడట. అప్పటినుంచీ బావగారికి బైబిలు తర్వాత బైబిలు అదే.

మధ్యాహ్నం భోజనాలు కాగానే టీవీలో ఆ వీడియో పడేది. మా ఆయన, మా అమ్మాయి ఎదురుగా కూర్చోవాలి. మా ఆయన రాత్రి షిఫ్టు చేసొచ్చి కళ్లు మూతలు పడుతున్నా కూర్చునేవాడు. తండ్రి పోయాక ఇంటికి పెద్దయినవాడు అన్న. ఆయన లేవమంటే లేస్తాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. బావగారు మాటిమాటికీ ఆపి ఫ్రిజ్ తలుపు మీద మార్కర్‌తో సున్నాలు, ఇంటూలు గీసి వివరించేవారు. "ఇదిగో, ఇక్కడ మామూలువాడైతే బంతి తన్ని చేతులు దులుపుకుంటాడు. లీడర్ ఏం చేస్తాడు?" అని అడిగి, జవాబు ఆయనే చెప్పేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. ఇక్కడే పుట్టింది. తెలుగంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే ఐరిష్ యాసలో ఇంగ్లీషే. స్కూల్లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతుంది. అంటే వర్షంలో, బురదలో, దిండ్లూ గిండ్లూ లేకుండా పరిగెత్తే ఆట. రెండు రోజులు చూసి, "పెదనాన్నా, వై డూ దే కీప్ స్టాపింగ్?" అంది.

"ఆలోచించుకోవడానికమ్మా. ఇది మెదడు ఆట."

"బట్ యూ కీప్ స్టాపింగ్ ఇట్ యాజ్ వెల్."

బావగారు పిల్లల పెంపకం గురించి మా ఆయనతో చాలాసేపు మాట్లాడారు. ఇంతకీ బావగారు స్వయంగా ఏ ఆటా ఆడినవారు కాదు. చిన్నప్పుడు వీధి క్రికెట్‌లో కూడా అంపైరుగానే ఉండేవారని, అదీ బ్యాటు ఇంటినుంచి ఆయనే తెచ్చేవారు కాబట్టి తప్పక ఒప్పుకునేవాళ్లమని మా ఆయనే పెళ్లయిన కొత్తలో నాతో చెప్పి నవ్వాడు. ఇప్పుడు నవ్వడం మానేశాడు.

ఏప్రిల్ చివర్లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాల గ్రూపులో యువతకి ధైర్యం చెప్పేవాళ్లు కావాలన్నారు. ప్రార్థనలన్నీ వీడియో మీటింగుల్లోనే జరుగుతున్న రోజులవి. గ్రూపులో సగానికి సగం ఇళ్లలో ఎవరో ఒకరు నర్సో, వృద్ధాశ్రమంలో కేరరో. బావగారు మా ఆయన ఫోన్ తీసుకుని తన పేరు తానే ఇచ్చేశారు. ప్రసంగానికి పెట్టిన పేరు: "సడన్ డెత్‌లో గెలవడం ఎలా?"

గుమ్మం దగ్గర నిలబడే అడిగాను. "బావగారూ, ఆ పేరు మారిస్తే బాగుంటుందేమో. వినేవాళ్లలో చావులు చూసి ఇంటికొచ్చేవాళ్లే ఎక్కువ."

"అది ఆటలో మాట అమ్మాయ్. వాళ్లకి నేను వివరిస్తాగా."

"వివరించేలోపు పేరు చదువుతారు కదండీ."

"షాక్ ఉండాలమ్మా. షాక్ లేకపోతే ఎవరూ వినరు."

ప్రసంగం ఉన్న శనివారం, ఉదయం షిఫ్టు ముగించి వచ్చాను. వార్డులో ఆ రోజు ఒక పెద్దావిడ పోయింది. ఆవిడ కొడుకు కార్క్‌లో ఉంటాడు, రావడానికి వీల్లేదు. ట్యాబ్లెట్ ఆవిడ మొహం దగ్గర పట్టుకుని నిలబడ్డాను. అతను ఆవుల్ని ఎవరు తోలుతున్నారో, గడ్డి ఎంత పెరిగిందో అలాంటివే చెప్తూ ఉన్నాడు, ఆవిడకి అవే ఇష్టమని. ఆ ఫోన్ ముగిశాక నేను చేతులు కడుక్కుని ఇంటికొచ్చాను. స్నానం చేసి మంచం మీద వాలాను. గోడ అవతల నుంచి బావగారి ప్రసంగం వినిపిస్తోంది.

"ఈ ఆటలో ముందు వరసలో నిలబడేవాళ్లుంటారు. దెబ్బలన్నీ వాళ్లకే. బంతి వాళ్ల చేతికి రాదు, పేరు పేపర్లో రాదు. వాళ్లనే ఫ్రంట్ లైన్ అంటాం. ఈ రోజు మన ఇళ్లలో కూడా ఫ్రంట్ లైన్ ఉంది. మా తమ్ముడి భార్యే ఉంది. నేను అమెరికా వెళ్లిపోగలిగీ ఎందుకు వెళ్లలేదు? ఈ అమ్మాయికి తోడుగా ఉండాలని. అలసిపోయి వస్తుంది. నా చేత్తో నేను అన్నం వడ్డిస్తాను. సేవ చేసేవాళ్లకి సేవ చేయడమే నాయకత్వం."

నేను లేచి కూర్చున్నాను. అంతలో తలుపు చప్పుడైంది. తెరిస్తే బావగారు మాస్కు, చేతులకి నీలం గ్లౌజులు వేసుకుని, ల్యాప్‌టాప్‌ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని నిలబడ్డారు. తెర నిండా చిన్న చిన్న గళ్లలో మా వాళ్లందరూ. తడి జుట్టుతో, నైటీలో నేను.

"అమ్మా, యువతకి రెండు మాటలు చెప్పు."

నైటీ మీద తువ్వాలు కప్పుకుని తెర వైపు తిరిగాను.

"అందరికీ వందనాలండీ. బావగారు నాకు వడ్డించడం లేదు. వంట మా ఆయన చేస్తాడు, కంచం ఇక్కడ గుమ్మం దగ్గర పెడతాడు. వంటింట్లో బావగారు గీత గీశారు, నేను దాటకూడదు. ముందు తలుపులోంచి కూడా నేను రాకూడదు. బావగారు ఈ గది దగ్గరికి రావడం ఇదే మొదటిసారి."

గళ్లలో ఎవరూ కదల్లేదు. ఇంటర్నెట్ ఆగిందేమో అనుకున్నాను. అప్పుడు గ్రూపు పెద్దాయన మైకు తెరిచి, "చూశారా పిల్లలూ, ఎంత క్రమశిక్షణో! ఒకే ఇంట్లో ఉండి కూడా నియమం తప్పడం లేదు. ఆమేన్" అన్నారు. ఒక ఆంటీ, "వడ్డిస్తానని ఆయనంటే, లేదు మా ఆయనే అని భర్త గొప్ప చెప్తోంది చూడండి, ఎంత తగ్గింపు, ఎంత వినయం!" అంది. గళ్లలోంచి చప్పట్లు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు. బావగారు ల్యాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకుని, "ఇదీ టీమ్ స్పిరిట్ అంటే" అని చెప్తూ మెట్లు దిగిపోయారు.

సాయంత్రం మా ఆయన గుమ్మం దగ్గర కంచం పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు.

"అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది."

"అబద్ధం చెప్పానా?"

"అబద్ధమని కాదు."

"మరి?"

"అన్నయ్య కదా," అన్నాడు. ఆ మాటని ఏదో మందు పేరు చెప్పినట్టు చెప్పాడు, దాంతో అన్నీ నయమవుతాయన్నట్టు. నాకు ఆ పూట అన్నగారి మీద కంటే తమ్ముడి మీదే ఎక్కువ కోపం వచ్చింది. కంచం తీసుకుని తలుపు వేశాను.

మే నెల చివరికొచ్చేసరికి బావగారికి తుమ్ములు మొదలయ్యాయి. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. గుమ్మం దగ్గర నుంచి చూసినా తెలిసిపోయింది నాకు. ఇక్కడ గడ్డి పూతకొచ్చే కాలంలో సగం ఊరికి వచ్చేదే, హే ఫీవర్. చెప్పాను. జ్వరం లేదు, రుచి తెలుస్తోంది, ఊపిరి బాగానే ఉంది, ఫార్మసీలో చిన్న మాత్ర దొరుకుతుంది అన్నాను.

"నువ్వే తెచ్చావు," అన్నారు బావగారు. "నీ ఆసుపత్రి నుంచే వచ్చింది నాకు."

జీపీకి, అంటే మా ఫ్యామిలీ డాక్టరుకి, ఫోన్ చేశారు. జీపీ కూడా నేను చెప్పిందే చెప్పి, "యూ'ల్ బీ గ్రాండ్" అన్నాడు. గ్రాండ్ అంటే ఇక్కడ "ఏం పర్లేదు" అని. బావగారు దాన్ని "పెద్ద జబ్బే" అని అర్థం చేసుకున్నారేమో, మ్యాచ్ చూడటానికి తప్ప మంచం దిగలేదు. న్యూజెర్సీకి ఫోన్ చేసి కొడుకులకి అప్పగింతలు పెట్టారు. మా తోడికోడలు తర్వాత నాకు ఫోన్ చేసి, "నిజంగా ఏమైనా ఉందా, లేక ఇదీ ఉపన్యాసమేనా?" అని అడిగింది. చివరికి పట్టుబట్టి జీపీ చేత కోవిడ్ పరీక్ష రాయించుకున్నారు. మా ఆయన కారులో వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. అమ్మాయి పెరట్లో బంతి గోడకేసి కొడుతోంది. ఎన్నో వారాల తర్వాత ఇంట్లో నేను ఒక్కదాన్నే.

కిందికి దిగాను. టీవీలో ఆ మ్యాచ్ సగంలో ఆగి ఉంది. కట్టేద్దామని రిమోట్ తీసుకున్నదాన్ని ఎందుకో అలాగే కూర్చుని చూశాను. ఎవరూ ఆపకుండా, ఎవరూ వివరించకుండా.

నిజం చెప్పాలంటే ఆటలో తప్పేం లేదు. పెద్ద పెద్ద మనుషులు, నోళ్లలోంచి ఆవిరి, మోకాళ్లకి మట్టి. గుట్టగా పడిపోయాక ఒక్కొక్కళ్లే నెమ్మదిగా లేస్తున్నారు, కింద ఉన్నవాడికి చేయి అందిస్తున్నారు, కొన్నిసార్లు అవతలి జట్టువాడికి కూడా. ఆట చివర్లో ఒక భారీ మనిషి అవతలివాణ్ణి ఆపబోయి పడ్డాడు. అతని మీద సొంత జట్టువాడే పడ్డాడు. చీలమండ దగ్గర కాలు విరిగింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే, ఆట అయ్యేదాకా లోపలికి రానని మైదానం అంచునే దింపించుకున్నాడట. "కట్టు కూడా కట్టకుండానా!" అని పైకే అనేశాను. అలాంటి పేషంటుని నేను బాగా ఎరుగుదును, మంచానికి కట్టేసినా కిటికీ వైపే చూస్తాడు. జనం మైదానంలోకి తోసుకొస్తారని భయపడి చివరికి అతన్ని ఆటగాళ్ల గదిలోకి చేర్చారు. పొడిగించిన ఆటంతా గోడ అవతల హోరులాగే విన్నాడు. ఎవరు గెలిచారో, తనవాళ్లు తలుపు తోసుకుని వచ్చేదాకా తెలియదు. గెలిచింది అతని జట్టే.

అంతా చూశాను. ఆ మ్యాచ్‌ని ఇన్ని వారాలు అసహ్యించుకున్నానే, పాపం దానిదేముంది అనిపించింది.

బావగారు వచ్చాక దూరంగా నిలబడే అడిగాను. "బావగారూ, ఆ కాలు విరిగినాయన సంగతి మీ పాఠంలో ఎప్పుడూ రాదేం?"

ముక్కు తుడుచుకుంటూ ఆలోచించారు. "అది మెయిన్ పాయింట్ కాదమ్మాయ్. అతను ఆటలోంచి అవుట్ అయిపోయాడు కదా."

ఇంకేం అడగలేదు. అడగడానికి అటుపక్క వినే మనిషి ఉండాలి.

పరీక్షలో ఏమీ లేదని తేలింది. మాత్ర వేసుకున్నాక తుమ్ములు తగ్గాయి. అయినా తర్వాతి ఆదివారం గ్రూపు మీటింగులో బావగారు సాక్ష్యం చెప్పారు, మరణం అంచుదాకా వెళ్లొచ్చానని. మరణం ఏ అంచున ఉందో చెప్పలేదు. పరీక్షలో ఏం వచ్చిందో ఎవరూ అడగలేదు. నేనూ ఈసారి నోరు తెరవలేదు. తెరిస్తే దాన్ని కూడా తగ్గింపే అంటారు.

ఆగస్టులో న్యూజెర్సీ కుదుటపడిందని ఆయనకి నమ్మకం కుదిరింది. బయల్దేరేటప్పుడు మా ఆయన్ని కౌగిలించుకున్నారు, అమ్మాయి తల నిమిరారు, నాకు దూరం నుంచి దండం పెట్టారు. "నీకు చాలా నేర్పాను అమ్మాయ్" అన్నారు. నేను "జాగ్రత్తగా వెళ్లిరండి" అన్నాను. రండి అనే మాట మన భాషలో ఊరికే వచ్చి చేరుతుంది, ఏం చేస్తాం.

క్రిస్మస్ ముందు వారం ఫోన్ చేశారు. ఆయన ప్రసంగం చాలామందికి నచ్చిందట. వాళ్ల కంపెనీలో పెద్దవాళ్ల ముందు మాట్లాడమన్నారట. ఫోన్ స్పీకర్లో ఉంది.

"అమ్మాయితో ఒక్కసారి మాట్లాడాలిరా. వార్డులో జరిగినవి ఒకటి రెండు సంఘటనలు కావాలి. కాస్త కదిలించేవి. ఆఖరి మాటలు లాంటివి ఉంటే ఇంకా బాగుంటుంది. పేర్లు వద్దులే."

మా ఆయన నా వైపు చూశాడు. నేను కూరగాయలు తరుగుతున్నాను. కార్క్ నుంచి తల్లికి ఆవుల సంగతి చెప్పిన ఆ కొడుకు గొంతు చెవిలో మెదిలింది. తల ఎత్తలేదు.

"చెప్పదులే అన్నయ్యా," అన్నాడు మా ఆయన.

అవతల నుంచి, "అదేంట్రా, అడిగి చూడు" అన్నారు.

"అడగను."

తర్వాత బావగారు వాతావరణం గురించి అడిగారు. మా ఆయన వర్షం అని చెప్పాడు. ఇంకో రెండు మాటలయ్యాక ఫోన్ పెట్టేసి వచ్చి, ఉల్లిపాయలు ఇటివ్వు, నేను తరుగుతాను అన్నాడు. ఇచ్చాను. ఇంత చిన్న మాట అనడానికి ఈ మనిషికి ఇన్నాళ్లు పట్టిందా అని ఒళ్లు మండింది. కానీ ఉల్లిపాయలు మాత్రం బాగా సన్నగా తరిగాడు.